ఒంటరి క్యాంపింగ్‌కి పడక: ముందు కింద పరిచేది, తర్వాతే పైన కప్పుకునేది

"ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు" అంటారు. రోజంతా బరువు మోస్తూ నడిచాక ఎక్కడ పడుకున్నా నిద్ర పట్టేస్తుందిలే అని చాలామంది క్యాంపింగ్ పడకను అన్నిటికంటే ఆఖర్న, మిగిలిన డబ్బుతో కొంటారు. నిద్ర పట్టడం వరకు ఆ సామెత నిజమే. కానీ తొమ్మిదింటికి పట్టిన నిద్ర రాత్రి రెండింటికి వీపు కింది చలికి చెదిరిపోతే, తెల్లారేదాకా మిగిలిన ఆ నాలుగు గంటలు ఎంతకీ గడవవు. పొద్దున్నే మళ్ళీ అదే బరువు ఎత్తుకోవాలి. ఒంటరిగా వెళ్ళినవాళ్ళకైతే దారి వెతుక్కోవడం, వాగు దాటడం, వాతావరణం మారితే ముందుకెళ్ళాలా వెనక్కి తిరగాలా అని తేల్చుకోవడం, అన్నీ తమ మీదే పడతాయి. నిద్రలేని బుర్రతో చేయాల్సిన పనులు కావవి.

నేను మొదటిసారి ఒంటరిగా కొండమీద టెంట్ వేసుకున్నప్పుడు నా దగ్గర మంచి స్లీపింగ్ బ్యాగే ఉంది. సున్నా డిగ్రీలకు పనికొస్తుందని దానిమీద రాసి ఉంది. కింద మాత్రం లోపల ఉత్త గాలి తప్ప ఇంకేమీ లేని మామూలు ఎయిర్ బెడ్. ఆ రాత్రి బయట నాలుగు డిగ్రీలు. ఛాతీ మీద చెయ్యి పెట్టుకుంటే వెచ్చగానే ఉంది. వీపు, తుంటి మాత్రం తడి బండ మీద ఆనించినట్టు జివ్వుమంటున్నాయి. రెండున్నరకి లేచి, టార్చి వెలుతురులో బ్యాక్‌ప్యాక్ ఖాళీ చేసి పరిచాను. దానిమీద రెయిన్ జాకెట్, విడిచిన బట్టలు, చుట్టిన తాడు విప్పి సర్ది, వాటిమీద ఒదిగి పడుకున్నాను. కాస్త నయమనిపించింది. తెల్లారాక ముందు బ్యాగ్‌నే తిట్టుకున్నాను. తప్పు దానిది కాదని తెలుసుకోవడానికి ఇంకో రెండు ట్రిప్పులు పట్టింది.

స్లీపింగ్ బ్యాగ్ తనంతట తాను వేడి పుట్టించదు. దాని దూదిలోనో ఈకల్లోనో చిక్కుకున్న గాలి మన ఒంటి వేడిని బయటికి పోనివ్వదు, అంతే. మన బరువు కింద నలిగినచోట ఆ గాలి నిలవదు. అంటే ఎంత ఖరీదైన బ్యాగైనా వీపు కింద పల్చటి బట్టతో సమానం. అక్కడ చలిని ఆపాల్సింది కింద పరిచే మ్యాట్. నా ఎయిర్ బెడ్‌లోనూ గాలి ఉంది కదా అంటే, అది ఒకచోట నిలబడని గాలి. పెద్ద ఖాళీ గదిలా ఉన్న లోపలి భాగంలో అటూ ఇటూ తిరుగుతూ, పైనున్న వేడిని కిందికి చేరవేస్తుంది, నేల దాన్ని పీల్చేసుకుంటుంది. అందుకే ముందు మ్యాట్ గురించి చెప్పి, బ్యాగ్ సంగతి తర్వాత చెబుతాను. కొనేటప్పుడు కూడా అదే వరసలో కొనండి.

మ్యాట్: అసలు డబ్బు పెట్టాల్సింది ఇక్కడే

మ్యాట్ మీద చూడాల్సిన మొదటి అంకె ఆర్-వాల్యూ. వేడి కిందికి పోకుండా అది ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత ఇది. ఎంత ఎక్కువైతే అంత వెచ్చన. ఒకప్పుడు ఒక్కో కంపెనీ ఒక్కోరకంగా కొలిచి రాసుకునేది, కాబట్టి రెండు కంపెనీల అంకెలు పక్కపక్కన పెట్టినా లాభం ఉండేది కాదు. ఏఎస్‌టీఎం ఎఫ్3340 అనే ప్రమాణం వచ్చాక పెద్ద కంపెనీలు 2020 నుంచి దాని ప్రకారమే కొలుస్తున్నాయి. మ్యాట్ వివరాల్లో ఆ ప్రమాణం పేరు లేకుండా ఊరికే "మంచుకు కూడా సరిపోతుంది" అని రాసి ఉంటే నేను దాన్ని పక్కన పెట్టేస్తాను.

ఎంత కావాలన్నదానికి నేను వాడే లెక్క ఇది. రాత్రిపూట పది డిగ్రీలకు తగ్గని చోట ఒకటిన్నర, రెండు చాలు. పది నుంచి సున్నా మధ్య అయితే మూడు, నాలుగు ఉండాలి. సున్నా కిందికి పోతే ఐదు దగ్గర చూసుకోవాలి, మంచు మీద పడుకునేవాళ్ళకు ఐదున్నర పైనే. చలి ఎక్కువగా తగిలే ఒంటి తీరున్నవాళ్ళు దీనికి ఇంకో ఒకటి కలుపుకోండి. ఈ అంకెల్లో ఇంకో సౌకర్యం ఉంది. రెండు మ్యాట్లు ఒకదానిమీద ఒకటి వేస్తే వాటి ఆర్-వాల్యూలు కూడుతాయి. రెండున్న ఫోమ్ మీద మూడున్న గాలి మ్యాట్ వేస్తే ఐదు. ఏడాదికి ఒక్కసారి చలికాలంలో వెళ్ళేవాళ్ళు కొత్తగా పెద్ద మ్యాట్ కొనక్కర్లేకుండా దీంతో గట్టెక్కొచ్చు.

ఇప్పుడు రకాలు. మడతపెట్టే ఫోమ్ మ్యాట్, గాలి ఊదుకునే మ్యాట్, ఆ రెండూ కలిసిన సెల్ఫ్-ఇన్‌ఫ్లేటింగ్ మ్యాట్.

ఫోమ్ మ్యాట్‌ది ఒకటే గొప్పతనం, అది ఓ పట్టాన చెడిపోదు. ముల్లు గుచ్చుకున్నా, రాయి గీసుకున్నా, నిప్పురవ్వ పడి చిన్న చిల్లు పడినా పడకలాగే ఉంటుంది. విప్పితే పడక, మడిస్తే కూర్చోవడానికి పీట. పేరున్న ఫోమ్ మ్యాట్లలో ఒకటైన థర్మారెస్ట్ జీ-లైట్ సోల్ తీసుకుంటే, బరువు 410 గ్రాములు, మందం 2 సెంటీమీటర్లు, ఆర్-వాల్యూ 2. ఆ 2 సెంటీమీటర్లే చిక్కు. వెల్లకిలా పడుకునేవాళ్ళు ఒకటి రెండు రాత్రుల్లో అలవాటు పడతారు. పక్కకు తిరిగి పడుకునేవాళ్ళకు తుంటి ఎముక, భుజం నేలకు తగులుతూనే ఉంటాయి. పైగా మడిచినా అది అర మీటరు పొడవున్న మూట. బ్యాక్‌ప్యాక్ లోపల పట్టదు, బయట కట్టుకోవాలి. ఇరుకు దారుల్లో కొమ్మలకు తగులుతూ ఉంటుంది.

గాలి మ్యాట్ దీనికి పూర్తిగా ఎదురు. అదే కంపెనీ నియోఎయిర్ ఎక్స్‌లైట్ ఎన్ఎక్స్‌టీ మామూలు సైజు 370 గ్రాములు, మందం 7.6 సెంటీమీటర్లు, ఆర్-వాల్యూ 4.5. చుడితే ఇంచుమించు నీళ్ళ సీసా అంత అవుతుంది. ఫోమ్ కంటే తేలిక, మూడు రెట్లకు పైగా మందం, రెట్టింపు వెచ్చదనం. చూడగానే ఇక వేరేది ఎందుకు అనిపిస్తుంది. నా ఎయిర్ బెడ్ చేయలేనిది ఇది చేయడానికి కారణం లోపలి కట్టుబడి: గాలిని చిన్న చిన్న అరలుగా విడగొట్టి తిరగనివ్వదు, మధ్యలో వేడిని వెనక్కి కొట్టే మెరుపు పొరలు ఉంటాయి. బాధల్లా ఒక్కటే. చిన్న చిల్లు పడితే తెల్లారేసరికి నేలమీద ఉంటారు. నలుగురితో వెళ్తే ఎవరో ఒకరి దగ్గర ఇంకో మ్యాట్ దొరుకుతుంది. ఒంటరివాళ్ళకు ఆ అవకాశం లేదు. మెరుపు పొరలున్న కొన్ని మ్యాట్లు తిరిగినప్పుడల్లా చిప్స్ ప్యాకెట్‌లా గలగలమంటాయి కూడా. చిన్న శబ్దానికే లేచేవాళ్ళు కొనేముందు దాని మీద దొర్లి చూడాలి.

సెల్ఫ్-ఇన్‌ఫ్లేటింగ్ మ్యాట్ అంటే బయట గాలి చొరని కవరు, లోపల మెత్తటి స్పాంజి. వాల్వ్ తిప్పితే స్పాంజి తనే విచ్చుకుంటూ గాలి పీల్చుకుంటుంది, చివర్లో రెండు మూడు ఊపిర్లు ఊదితే సరిపోతుంది. 1970ల మొదట్లో అమెరికాలో విమానాల కంపెనీ నుంచి బయటికొచ్చిన ఇంజనీర్లు దీన్ని కనిపెట్టారు. పడుకుంటే హాయిగా, ఊగకుండా ఉంటుంది, పంక్చరైనా అడుగున స్పాంజి మిగులుతుంది. కానీ బరువెక్కువ, చుట్టినా లావుగానే ఉంటుంది. కారు దగ్గరే టెంట్ వేసుకునేవాళ్ళు కళ్ళు మూసుకుని ఇదే తీసుకోవచ్చు. వీపున మోసుకెళ్ళేవాళ్ళకు నేను చెప్పను.

నా సలహా సూటిగా చెప్పాలంటే, పక్కకు తిరిగి పడుకునేవాళ్ళు ఏడు సెంటీమీటర్లకు తగ్గని గాలి మ్యాట్ తీసుకోండి, దాంతోపాటు చిల్లులు అతికే ప్యాచ్ కిట్ విడవకుండా మోయండి. వెల్లకిలా పడుకునేవాళ్ళు, రాత్రిళ్ళు వెచ్చగా ఉండే కాలంలోనే వెళ్ళేవాళ్ళు ఫోమ్‌తో మొదలుపెట్టండి. తక్కువ ఖర్చు, టెన్షన్ లేదు. ఊరికి చాలా దూరంగా, మూడు నాలుగు రాత్రులు ఒంటరిగా ఉండాల్సి వస్తే నేను గాలి మ్యాట్ కింద నడుము నుంచి భుజాల దాకా వచ్చే పల్చటి ఫోమ్ ముక్క ఒకటి వేస్తాను. ముళ్ళనుంచి కాపాడుతుంది, ఆర్-వాల్యూ కొంచెం పెంచుతుంది, గాలి మ్యాట్ మోసం చేసినా అడుగున అది ఉంటుంది.

వెడల్పు గురించి కూడా ఒక మాట. మామూలు మ్యాట్ వెడల్పు 51 సెంటీమీటర్లు. వెల్లకిలా పడుకుని చేతులు పక్కన పెట్టుకుంటే మోచేతులు రెండూ అంచు దాటి నేలను తాకుతాయి. నాకు దాదాపు ప్రతి రాత్రీ ఆ మోచేతి చలికే మెలకువ వచ్చేది. 64 సెంటీమీటర్ల వెడల్పు మ్యాట్‌కు మారాక అది పోయింది. వంద గ్రాములు ఎక్కువ మోసినా ఫరవాలేదనిపించిన వస్తువు నా సంచిలో ఇదొక్కటే. కొనేముందు మీ టెంట్ లోపలి వెడల్పు కొలుచుకోండి, ఒక్కరి టెంట్లు కొన్ని కాళ్ళ వైపు బాగా సన్నబడతాయి.

గాలి మ్యాట్ కొత్తగా వాడేవాళ్ళు కంగారుపడే విషయం ఒకటుంది. సాయంత్రం బిగువుగా ఊదిన మ్యాట్ అర్ధరాత్రికి మెత్తబడుతుంది. చాలాసార్లు అది పంక్చర్ కాదు. వెచ్చటి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది, అంతే. టెంట్ వేయగానే ఊది, పడుకునేముందు ఇంకోసారి బిగించుకుంటే సరి. నోటితో కాకుండా పంప్ సంచితో (గాలి పట్టి మ్యాట్‌లోకి నొక్కే సంచి) ఊదితే మంచిది. ఊపిరిలోని తేమ లోపల చేరదు, రోజంతా నడిచి వచ్చినవాళ్ళకు తల తిరగదు.

పైన కప్పుకునేది

మంచి స్లీపింగ్ బ్యాగ్‌ల మీద ఐఎస్ఓ 23537 ప్రకారం కొలిచిన ఉష్ణోగ్రతలు ఉంటాయి. అంతకుముందు ఈఎన్ 13537 అనే యూరప్ ప్రమాణం ఉండేది, పాత బ్యాగ్‌ల మీద అది కనిపిస్తుంది. కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్ అని మూడు అంకెలు రాస్తారు. ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. కంఫర్ట్ అంటే సగటు స్త్రీ మామూలుగా పడుకుని చలి లేకుండా నిద్రపోగలిగే ఉష్ణోగ్రత. లిమిట్ అంటే సగటు పురుషుడు ముడుచుకుని పడుకుంటే ఎలాగోలా తట్టుకునేది. ఎక్స్‌ట్రీమ్ అనేది నిద్ర గురించి కాదు, ప్రాణం గురించి. ఆ చలిలో ఒంటి వేడి ప్రమాదకరంగా పడిపోయే ముప్పు ఉంటుంది. బ్యాగ్ పేరులో పెద్దగా కనిపించే అంకె చాలాసార్లు లిమిట్‌దే. నా మొదటి బ్యాగ్ మీది సున్నా కూడా అదే, దాని కంఫర్ట్ ఐదు డిగ్రీలు. నాలుగు డిగ్రీల రాత్రిలో ఆ ఎయిర్ బెడ్‌కు బదులు మంచి మ్యాట్ ఉన్నా నాకు పూర్తి హాయి దక్కేది కాదు. ఆడా మగా తేడా లేకుండా అందరూ కంఫర్ట్ అంకె చూసే కొనాలన్నది నా మాట. మీరు వెళ్ళేచోట రాత్రి ఎంతకు పడిపోతుందో చూసుకుని, దానికంటే ఐదు డిగ్రీలు తక్కువ కంఫర్ట్ ఉన్నది తీసుకోండి. ఈ కొలతలు వెచ్చటి మ్యాట్ మీద పెట్టి తీసినవి, ఉత్త నేలమీద కాదు. పల్చటి మ్యాట్ వేస్తే బ్యాగ్ మీది అంకెకు విలువ పోతుంది.

ఉష్ణోగ్రత చూసేటప్పుడు కొండ కింది ఊరి వాతావరణం చూసి మోసపోకండి. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. దానికి తోడు నిర్మలమైన రాత్రుల్లో చల్లటి గాలి బరువుగా జారి లోయ అడుగున నిలుస్తుంది. వాగు ఒడ్డున చదునైన పచ్చిక ఎంత ముచ్చటగా ఉన్నా, నలభై యాభై అడుగులు పైకెక్కి టెంట్ వేస్తే అదే బ్యాగ్‌లో వెచ్చగా పడుకోవచ్చు.

బ్యాగ్ లోపల నింపింది డౌన్ ఉన్నది తీసుకోవాలా, సింథటిక్ (కృత్రిమ దూది) ఉన్నది తీసుకోవాలా? డౌన్ అంటే బాతుల, గూస్ అనే పెద్ద బాతుల రొమ్ము దగ్గరి మెత్తటి నూగు. దాని నాణ్యతను ఫిల్ పవర్‌తో కొలుస్తారు. 800 ఫిల్ పవర్ అంటే 28 గ్రాముల నూగు విచ్చుకుని 800 ఘనపుటంగుళాలు, అంటే దాదాపు 13 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. ఒకసారి డౌన్ బ్యాగ్‌ను దాని చిన్న సంచిలోంచి తీసి టెంట్‌లో పరిచి చూడండి. మొదట ముడతలు పడ్డ పల్చటి గుడ్డలా ఉంటుంది. అంచులు పట్టుకుని నాలుగుసార్లు మెల్లగా దులిపితే ఒక్కో అర ఉబ్బుతూ వస్తుంది. పావుగంటయ్యేసరికి జానెడు ఎత్తున లేచి ఉంటుంది. ఆ ఎత్తే వెచ్చదనం. అందుకే టెంట్ వేయగానే చేయాల్సిన మొదటి పని బ్యాగ్ విప్పి పరచడం.

డౌన్‌కు తడి శత్రువు. తడిస్తే నూగు ముద్దలు కట్టి గాలి పట్టదు, ఆరడానికి గంటలు పడుతుంది. సింథటిక్ తడిసినా కొంత వెచ్చదనం నిలుపుకుంటుంది, త్వరగా ఆరుతుంది, ఖరీదు తక్కువ. కానీ అదే వెచ్చదనానికి బరువూ, చోటూ బాగా ఎక్కువ తీసుకుంటుంది, పదేపదే నొక్కి సర్దడం వల్ల కాలక్రమంలో చదునైపోతుంది. రోజుల తరబడి వాన, గాలిలో ఎప్పుడూ తేమ ఉండే చోట్లకు సింథటిక్. మిగతా అన్నిచోట్లకూ, డబ్బు ఉంటే డౌన్, దాన్ని నీళ్ళు చొరని సంచిలో పెట్టుకుని మోయడం. చిన్న సంచి, ఒక్క వీపు అన్నప్పుడు ఆ తేలికతనం ప్రతి అడుగులో తెలుస్తుంది. ఇంటికొచ్చాక దాన్ని నొక్కిపెట్టిన సంచిలో వదిలేయకండి. వదులైన పెద్ద గుడ్డసంచిలో దాస్తే ఏళ్ళ తరబడి ఉబ్బుగా ఉంటుంది.

ఇక ఆకారం. మమ్మీ బ్యాగ్ తలనుంచి కాళ్ళదాకా ఒంటిని పట్టి ఉంటుంది, ఖాళీ తక్కువ కాబట్టి త్వరగా వెచ్చబడుతుంది. అందులో కాళ్ళు కదపలేక ఉక్కిరిబిక్కిరయ్యేవాళ్ళున్నారు. వాళ్ళకోసమే క్విల్ట్. వీపు కింది నలిగిన భాగం ఎలాగూ పనికిరాదు కదా అని దాన్ని తీసేసి, అడుగున మ్యాట్‌కు పట్టీలతో కట్టుకునేలా చేసిన దుప్పటి ఇది. బరువు తగ్గుతుంది, పక్కకు దొర్లినా కాళ్ళు చాపినా అడ్డుండదు. మంచు కురిసే చలిలో మాత్రం తిరిగిన ప్రతిసారీ పక్కనుంచి గాలి చొరబడుతుంది. రాత్రి ఐదు డిగ్రీలకు తగ్గని ట్రిప్పులకు నేను క్విల్టే తీసుకెళ్తాను, అంతకు తగ్గితే మమ్మీ. ఒకటే కొనగలిగితే మమ్మీ కొనండి. వెచ్చటి రాత్రి జిప్ పూర్తిగా తీసి దాన్నే దుప్పటిలా కప్పుకోవచ్చు, క్విల్ట్‌ను మాత్రం చలి రాత్రి మమ్మీలా మూసుకోవడం కుదరదు.

మ్యాట్ వద్దనుకుంటే

హ్యామక్, అంటే రెండు చెట్ల మధ్య కట్టే ఊయల పడక, చాలామందికి మొదటి చూపులోనే నచ్చుతుంది. నేల ఎగుడుదిగుడైనా, తడిగా ఉన్నా బాధ లేదు. అరటిపండులా వంకరగా పడుకోవాల్సి వస్తుందన్న భయం పొడవుగా పడుకునేవాళ్ళదే. కాస్త ఐమూలగా పడుకుంటే వీపు దాదాపు చదునుగా ఉంటుంది. తాళ్ళు నేలకు ముప్పై డిగ్రీల వాలులో కట్టాలి, బిగించి లాగితే భుజాలు నొక్కుకుపోతాయి. చెట్టు బెరడు కోసుకుపోకుండా వెడల్పాటి పట్టీలే వాడాలి. కానీ కింద గాలి ఆడుతుంది కాబట్టి వీపు చలి నేలమీదకంటే ఎక్కువ. అడుగున వేలాడే అండర్‌క్విల్ట్ కావాలి, పైన తార్పాలిన్, చుట్టూ దోమతెర. అన్నీ కలిపితే తేలిక అన్న మాట నిలవదు. చెట్లు తప్పకుండా ఉండే అడవి దారులకైతే సరే. చెట్లు దొరుకుతాయో లేదో తెలియని దారిలో ఒంటరిగా దాన్ని నమ్ముకుని బయల్దేరొద్దు.

మడత మంచం తేలికైనదే కిలో దాటుతుంది. మోకాళ్ళ నొప్పితో నేలమీంచి లేవలేనివాళ్ళకు, వాహనంలో వెళ్ళేవాళ్ళకు తప్ప మిగతావాళ్ళు దాని గురించి ఆలోచించక్కర్లేదు.

దిండు సంగతి చిన్నదే గానీ వదలకూడదు. బట్టల మూట తలకింద పెట్టుకుంటే నడిరాత్రి జారిపోతుంది, చలేసి ఆ స్వెటర్ వేసుకుంటే దిండే ఉండదు. గాలి దిండు 60 నుంచి 100 గ్రాముల్లో వస్తుంది. పూర్తిగా ఊదకుండా సగానికి కాస్త ఎక్కువ ఊది, పైన మెత్తటి టీషర్టు తొడగండి.

కొన్న వాటన్నిటితో ఇంట్లోనే నేలమీద ఒక రాత్రి పూర్తిగా పడుకోండి. పది నిమిషాలు పడుకుని చూడటం సరిపోదు, తుంటి నొప్పి మూడో గంటకు తెలుస్తుంది. పొద్దున్నే మ్యాట్‌ను బిగువుగా ఊది, సబ్బు నీళ్ళు రాసి బుడగలు ఎక్కడైనా లేస్తున్నాయేమో చూడండి. తర్వాత చీకట్లో, తలకు లైటు పెట్టుకుని, ప్యాచ్ కిట్‌లోని జిగురు మూత తీసి పాత గుడ్డమీద ఒక ప్యాచ్ అంటించి చూడండి. నా కిట్‌లో జిగురు గడ్డకట్టిపోయి ఉందని నాకు తెలిసింది ఇలాగే, బయల్దేరడానికి రెండు రోజుల ముందు.